ఓపెన్ అంటే చీకటి

పోయిన వారం మనం ఫ్యూజమ్మను భద్రతా శాఖ వారి మూడో అంతస్తు గదిలో, చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి వచ్చేశాం. వారం రోజులు మన పనులు మనం చూసుకున్నాం. ఆమెకు మాత్రం అది మూడో రోజు, ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. మధ్యాహ్నం మూడున్నర అయింది. ఐదింటిలోగా ఆ ఫోను చేసింది తను కాదని తేల్చుకోలేకపోతే దేశద్రోహం కేసు కట్టి జైలుకు పంపుతారు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఫ్యూజమ్మ అన్నది ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఊరికంతటికీ కరెంటు పంచే కంట్రోల్ రూమ్‌లో పందొమ్మిదేళ్ళుగా ఆపరేటరు. కోపం ఇట్టే వస్తుంది, వచ్చిందంటే ఎదుట ఉన్నది పెద్ద ఇంజనీరైనా ఆగదు. అందుకని తోటివాళ్ళు ముద్దుగానూ భయంగానూ పెట్టుకున్న పేరది. మంగళవారం పొద్దున పదీ నలభైకి ఆమె గొంతుతో సబ్‌స్టేషనుకు ఒక ఫోను వెళ్ళింది. సగం ఊరికి కరెంటు మోసుకెళ్ళే లైను, రెండో నంబరు ఫీడరు, ముప్పై ఏడు నిమిషాలు ఆగిపోయింది. ఆసుపత్రిలో జనరేటరు మొరాయించింది. ఊపిరి యంత్రం మీద ఉన్న ఒక రిటైరైన బడిపంతులు గారు ప్రాణం విడిచారు. ఆ సమయానికి ఫ్యూజమ్మ డ్యూటీ దిగి ఇంట్లో పడుకుని ఉంది. అందుకు సాక్ష్యం ఇంట్లో ఉన్న చెల్లెలు ఒక్కతే, సొంత చెల్లెలి సాక్ష్యం చెల్లదన్నారు. పైగా సబ్‌స్టేషన్లో ఆ ఫోను ఎత్తినవాడు ఆమె మేనమామ. వేలు పట్టుకుని ఈ ఉద్యోగంలోకి తెచ్చినవాడు. "గొంతు మా మేనకోడలిదే" అని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది ఆయనే. ఆ కాగితం చూసినప్పుడు ఫ్యూజమ్మ ఏడవలేదు. బల్ల మీద ఉన్న గాజుగ్లాసు గోడకేసి కొట్టింది. అప్పటినుంచి ఆమెకు నీళ్ళు ప్లాస్టిక్ గ్లాసులో ఇస్తున్నారు.

భద్రతాధికారి ఇస్త్రీ చొక్కా మనిషి. గొంతు పెంచడు. బల్ల మీద కాగితాలు చివరలు కలిసేలా సర్దుతాడు, మళ్ళీ సర్దుతాడు. ఆ సర్దుడు చూస్తుంటేనే ఫ్యూజమ్మకు ఒళ్ళు మండుతోంది.

"మరోసారి వినండమ్మా," అని మీట నొక్కాడు.

"కంట్రోల్ రూమ్ నుంచి మాట్లాడుతున్నా. రెండో నంబరు ఫీడరు..."

అక్కడితో ఆపేశాడు. ఈ ముక్క వినిపించడం ఇది నాలుగోసారి. ఆరు సెకన్ల ముక్క. అందులో ఉన్నది ముమ్మాటికీ ఫ్యూజమ్మ గొంతు. "మాట్లాడుతున్నా" దగ్గర కొంచెం ముక్కుతో పలకడంతో సహా ఆమెదే. విన్న ప్రతిసారీ, తన చీర ఎవరో కట్టుకుని ఎదురుగా తిరుగుతున్నట్టు ఆమెకు వెగటు పుట్టింది.

"యంత్రం కూడా పోల్చింది. తొంభై ఎనిమిది శాతం మీరే అంటోంది."

"మిగతా రెండు శాతం ఎవరంటోంది? వాళ్ళనీ పిలవండి, ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం."

ఆయన నవ్వలేదు. "వేళాకోళం కాదమ్మా. ఇది దేశభద్రతకు సంబంధించిన విషయం. మీ గొంతు గుర్తుపట్టాకే మన వ్యవస్థ ఆ ఫోనును సబ్‌స్టేషనుకు కలిపింది. మీ గొంతు కాకపోతే కలపదు. అందుకే కదా గొంతు తాళం పెట్టుకున్నది."

ఫ్యూజమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. జరిగిందంటే, కంట్రోల్ రూమ్‌లో అయితే ఈపాటికి అందరూ తలలు దించుకుని ఎవరి పని వాళ్ళు చూసుకునేవాళ్ళు.

"పెట్టుకున్నది నేనా, మీరా? రెండేళ్ళ కింద మీరే కదండీ, ఆపరేటర్లందర్నీ గాజుగదిలో కూర్చోబెట్టి మూడు రోజులు చదివించారు? ఒకటి నుంచి వెయ్యి దాకా అంకెలు. ఫీడర్ల పేర్లు. వీధుల పేర్లు. కోపంగా ఒకసారి, నెమ్మదిగా ఒకసారి, జలుబు చేసినట్టు ఒకసారి. గొంతు బొంగురుపోయి నాలుగు రోజులు ఇంట్లో సైగలు చేసుకున్నా. చివర్న మీవాళ్ళొకాయన వచ్చి, ఇకనుంచి మీ గొంతే మీ తాళంచెవి అని ఒక పెన్ను బహుమానం ఇచ్చి పోయాడు. అవి చేతిలో ఉంటే కంప్యూటరు చేత నా గొంతుతో ఏమైనా పలికించొచ్చు కదా. ఆ రికార్డులు ఎక్కడున్నాయి?"

"ఆ పని చేసిన సంస్థ వివరాలు రహస్యం."

"ఓహో! నా గొంతు ఎవరి దగ్గరుందో నాకు రహస్యం! దొంగకు మాత్రం బహిరంగం!" ఆమె అరచేత్తో బల్ల మీద కొట్టింది. సర్దిన కాగితాలు చెదిరాయి. "పాస్‌వర్డు పోతే మార్చుకోమంటారు. ఇంటి తాళంచెవి పోతే తాళం మార్పిస్తాం. గొంతు పోతే ఏం చెయ్యాలి సార్? కొత్తది ఎక్కడ కొనుక్కోవాలి? రేపు నా గొంతుతో ఇంకెవడో బ్యాంకుకి ఫోన్ చేస్తాడు, ఇంకెవరి కొంపో ముంచుతాడు. ప్రతిసారీ నన్ను ఈ కుర్చీలో కూర్చోబెడతారా? దేశానికి తాళం వేస్తామని నా గొంతు తీసుకున్నారు. వేసుకోండి, కాదనలేదు. కానీ తాళంచెవి ఎవడి జేబులో పెట్టారో చెప్పలేనివాళ్ళు నన్ను దొంగ అంటారా?"

ఆయన చెదిరిన కాగితాల మీద చెయ్యి వేశాడు.

"ఆ కాగితాలు ముట్టుకున్నారంటే కిటికీలోంచి పారేస్తా. ముందు ఆ రికార్డు మొత్తం పెట్టండి. ముక్క కాదు, మొత్తం."

"గొంతు పోల్చడానికి ఆరు సెకన్లు చాలు."

"మీ యంత్రానికి చాలు. నాకు చాలదు. మూడు రోజులుగా ఈ ముక్క వినిపించి నీదేనా నీదేనా అంటున్నారు. చివరిదాకా నేను ఏం మాట్లాడానో నాకే తెలియకుండా జైలుకు పంపిస్తారా?"

ఆయన గోడ గడియారం వంక చూశాడు. మూడూ నలభై ఐదు. పోయేదేముంది అనుకున్నాడో, కిటికీ గుర్తొచ్చిందో, మీట నొక్కాడు.

"కంట్రోల్ రూమ్ నుంచి మాట్లాడుతున్నా. రెండో నంబరు ఫీడరు వెంటనే క్లోజ్ చెయ్యండి."

తర్వాత కాసేపు ఏమీ లేదు. నాలుగైదు సెకన్లు ఉంటుంది. సబ్‌స్టేషన్లో ట్రాన్స్‌ఫార్మర్ల రొద మాత్రం వినిపించింది. ఆ తర్వాత మేనమామ గొంతు, తడబడుతూ.

"రెండో నంబరు ఫీడరు... ఓపెన్ చేస్తున్నా."

ఫోను పెట్టేసిన చప్పుడు.

ఫ్యూజమ్మ నవ్వింది. మూడు రోజుల తర్వాత నవ్వు. అది విని భద్రతాధికారి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"ఏం చెయ్యమంది ఆవిడ?" అంది.

"ఎవరావిడ? మీరే కదా. ఫీడరు క్లోజ్ చెయ్యమన్నారు. అంటే కరెంటు ఆపమన్నారు."

"షాపు క్లోజ్ చేస్తే బేరాలు ఆగుతాయి. కుళాయి క్లోజ్ చేస్తే నీళ్ళు ఆగుతాయి. మా దగ్గర కాదు సార్." రెండు అరచేతులు ఎత్తి ఒకదానికొకటి ఆనించింది. "బ్రేకరంటే మా పెద్ద స్విచ్చు, అందులో రెండు లోహపు ముక్కలుంటాయి. ఇలా కలిశాయా, క్లోజ్. కరెంటు పారుతుంది, ఊరు వెలుగుతుంది." చేతులు విడదీసింది. "ఇలా విడిపోయాయా, ఓపెన్. ఊరు చీకటి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మాకు నేర్పే మొదటి పాఠం ఇది. నన్ను నిద్రలో లేపి అడగండి, జ్వరంలో అడగండి, పీక మీద కత్తి పెట్టి అడగండి. ఊరు ఆర్పాలంటే క్లోజ్ అని నా నోట రాదు. కుడిచెయ్యి ఎత్తమంటే కాలు ఎత్తినట్టు ఉంటుంది. ఈ మాట మా పని తెలిసినవాళ్ళెవరూ అనరు. ఇంట్లో కూర్చుని స్విచ్చులు నొక్కుకునేవాళ్ళు అంటారు."

ఆయన ఫోను తీసి కంట్రోల్ రూమ్ పెద్ద ఇంజనీరుకు కలిపాడు. ఒకే ప్రశ్న అడిగాడు. అవతల ఇంజనీరు గారు అంత చిన్న ప్రశ్నకు అంత పెద్ద జవాబు ఎందుకిచ్చారో గాని, ఫోను పెట్టేసేసరికి భద్రతాధికారి చెవులు ఎర్రబడ్డాయి.

"రాసుకోండి," అంది ఫ్యూజమ్మ. "గొంతు నాదే. మాట నాది కాదు. రాసుకున్నారా? ఇప్పుడు నేను ఇంటికి పోవచ్చా?"

ఆయన రాసుకున్నాడు. రాయడం అయ్యాక కూడా కలం కిందపెట్టలేదు.

"ఒక్క అనుమానమమ్మా. ఆ ఫీడరు అప్పటికే క్లోజ్‌లో ఉంది కదా, ఊరికి కరెంటు వస్తూనే ఉంది కదా?"

"ఉంది."

"క్లోజ్‌లో ఉన్నదాన్ని క్లోజ్ చెయ్యమని ఫోనొస్తే ఆపరేటరు ఏం చేస్తాడు?"

"నవ్వుతాడు. తాగొచ్చావా అని అడుగుతాడు. మళ్ళీ..."

అంతవరకు వచ్చి ఆగిపోయింది. ఎక్కడికి తీసుకొచ్చి నిలబెట్టాడో అప్పటికి తెలిసింది.

"మీ మామయ్య నవ్వలేదు. అడగలేదు," అన్నాడాయన నెమ్మదిగా. "క్లోజ్ అని చెబితే ఓపెన్ చేశాడు. అంటే, ఏం చెయ్యాలో ఆ ఫోను రాకముందే ఆయనకు తెలుసు."

ఫ్యూజమ్మ ప్లాస్టిక్ గ్లాసు తీసుకుంది, తాగకుండానే మళ్ళీ పెట్టేసింది. మామయ్య తనమీద సంతకం పెట్టాడన్న కోపం ఇంకా తగ్గలేదు. కానీ ఆయన్ని దొంగ అనుకోవడానికి మనసు ఒక్క అడుగు కూడా వెయ్యనంటోంది. ఓపెన్‌కీ క్లోజ్‌కీ తేడా తనకు నేర్పింది ఆయనే. మొదటిరోజు తప్పు చెబితే స్కేలుతో వేళ్ళ మీద కొట్టింది ఆయనే.

"పిలవండి," అంది. "ఎక్కడున్నా సరే, ఇప్పుడే పిలిపించండి."

ఎక్కడినుంచో పిలిపించనక్కర్లేకపోయింది. మేనమామ పొద్దుటినుంచి కింద అంతస్తులో బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు. లోపలికి రానివ్వరని తెలిసీ మూడు రోజులుగా రోజూ వస్తున్నాడట. లోపలికొచ్చి, మేనకోడలి మొహం చూసి, కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"ఏం చేశావు?" అంది ఫ్యూజమ్మ. మామూలుగా ఆయన్ని పిలిచే పిలుపుతో పిలవలేదు. "క్లోజ్ అని వింటూనే ఓపెన్ చేశావు. ఎందుకు? ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే కదమ్మా."

"నేనా! నేను నిద్రపోతున్నా!"

"పదిన్నరకు నా సెల్లుకు, ఏదో తెలియని నంబరు నుంచి చేశావు. ఏడుస్తున్నావు. నన్నెవరో పట్టుకున్నారు, కత్తి పెట్టి కూర్చున్నారు అన్నావు. పది నిమిషాల్లో వాళ్ళ ముందే నీకు ఆఫీసు ఫోన్ చేస్తా, రెండో ఫీడరు ఆర్పెయ్యి, ఎదురు ప్రశ్న వెయ్యకు, వేశావంటే నన్ను చంపేస్తారు అన్నావు. తర్వాత ఆ ఫోన్ రానే వచ్చింది. క్లోజ్ అన్నావు. బిడ్డ భయంలో మాట తారుమారు చేసిందనుకున్నా. తప్పు దిద్దే టైమా అది? ఆర్పేశా."

భద్రతాధికారి కలం కాగితం మీద పరిగెడుతోంది.

"మరి చెప్పవేం?" ఫ్యూజమ్మ లేచి నిలబడింది. "సంతకం పెట్టిన రోజే ఈ మాట చెప్పి ఉంటే నేను ఈ కుర్చీలో ఎందుకుంటాను?"

"ఎలా చెప్పను? ఎవరికీ చెప్పొద్దని నువ్వే బతిమాలావు కదా. పైగా నువ్వు క్షేమంగా ఇంట్లో ఉన్నావు. అంటే... బలవంతం మీదో, ఎలాగో, నువ్వే చేశావనుకున్నా. ముందే ఫోన్ చేశావని చెబితే కావాలనే చేసిందంటారు కదా. గొంతు ఎవరిదని అడిగారు, అంతవరకే చెప్పా. మిగతాది నోట్లోనే పెట్టుకున్నా. నిన్ను కాపాడుతున్నాననే అనుకున్నా తల్లీ."

"కాపాడావా!" ఆ కేకకు తలుపు బయట ఉన్న కాపలామనిషి లోపలికి తొంగిచూశాడు. "ముప్పై ఏళ్ళ సర్వీసు! అవతలివాళ్ళు చెప్పింది రెండుసార్లు అడక్కుండా స్విచ్చు ముట్టుకోవద్దని నాకు నేర్పినవాడివి! ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా దగ్గరికొచ్చి 'ఏమే, నువ్వేనా ఫోన్ చేసింది' అని అడిగుంటే సరిపోయేది కదా! నేనంత పరాయిదాన్నయిపోయానా? పాపం ఆ పంతులు గారు చచ్చిపోయాడు, తెలుసా నీకు? నీ ప్రేమకు ఆయన పోయాడు!"

మేనమామ తల దించుకున్నాడు. ఆ మాట ఆయనకు తెలియనిది కాదు. ఆ మూడు రోజుల్లో ఆయన ఎంత కుంగిపోయాడో చొక్కా వదులే చెబుతోంది.

"వచ్చానమ్మా," అన్నాడు. "ఆ మధ్యాహ్నమే మీ ఇంటికొచ్చా. చెల్లి తలుపు తీసింది. అక్క మాత్ర వేసుకుని పడుకుంది, ఇప్పుడు లేపొద్దు, నేను చెబుతాలే అంది. గుమ్మంలోంచే పంపేసింది."

ఫ్యూజమ్మ మాత్ర వేసుకోలేదు. చెల్లెలు ఏమీ చెప్పలేదు కూడా. మామయ్య వచ్చి వెళ్ళాడన్న సంగతే ఆమె ఇప్పుడు మొదటిసారి వింటోంది.

భద్రతాధికారి ఇంకో ప్రశ్న వేశాడు. "పెద్దాయనా, ఆ మొదటి ఫోను ఈవిడదేనని అంత గట్టిగా ఎలా నమ్మారు? గొంతులు దొంగిలిస్తారని మీ శాఖలోనే శిక్షణ ఇచ్చారు కదా."

"గొంతును బట్టి కాదు సార్. 'మేమా' అని పిలిచింది."

"ఏమిటది?"

"పసితనంలో మేనమామ అనడం నోరు తిరక్క 'మేమా' అనేది. అలాగే ఉండిపోయింది. ఆఫీసులో అనదు, నలుగురిలో అనదు. ఇంట్లోనే అంటుంది. ఏడుస్తూ మేమా అంటే ఇక నేనేం అనుమానిస్తాను?"

అధికారి ఫ్యూజమ్మ వైపు తిరిగాడు. ఆయన గొంతులో మొదటిసారి మర్యాద లాంటిది వినబడింది. "అమ్మా, గాజుగదిలో మీరు చదివినవాటిలో ఆ మాట ఉందా?"

"లేదు."

"అయితే మీ గొంతు మా దగ్గరినుంచి పోయినా, ఆ పిలుపు మా దగ్గరినుంచి పోలేదు. మీ పని తెలియనివాళ్ళు, మీ ఇంటి గుట్టు తెలిసినవాళ్ళు చేశారిది. ఆ పిలుపు ఎంతమందికి తెలుసు?"

ముగ్గురికి. తనకు, మామయ్యకు, చెల్లెలికి. అక్క ఏం పిలిస్తే అదే పిలిచే వయసులో అది కూడా మేమా అనడం మొదలుపెట్టింది. అమ్మ పోయినప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. ఫ్యూజమ్మ డ్యూటీల మధ్య జడలు వేసి, పాఠాలు చెప్పి, తను పెళ్ళి మాట ఎత్తకుండా పెంచుకుంది. ఏడాదిగా అది చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తలుపు వేసుకుని, ఎవరికో రికార్డింగుల్లో రొద తీసేసే పని చేస్తోంది. ఏ కంపెనీకే అంటే, నీకు అర్థం కాదులే అక్కా అంటుంది. పైగా దానికి స్విచ్చు ఆర్పడం అని కూడా రాదు. "ఆ ఫ్యాను క్లోజ్ చెయ్యక్కా" అంటుంది. ఎన్నిసార్లు తను పకపకా నవ్వి ఏడిపించిందో.

మూడు రోజులుగా ఫ్యూజమ్మ ఎవడా దొంగ, దొరికితే నరికి పోగులు పెడతా అని అరుస్తూనే ఉంది. ఇప్పుడా అరుపు ఆగింది. కోపం పోలేదు. ఎవరి మీద చూపించాలో తెలియక లోపలే కాలుతోంది.

"ఇద్దరికే," అంది. "నాకూ, ఈయనకూ."

మేనమామ తల ఎత్తి ఆమె వంక చూశాడు.

భద్రతాధికారి ఆ మాట రాసుకోలేదు. కలం మూత పెట్టాడు. "బాగా ఆలోచించుకుని చెప్పండమ్మా. ఈయన తనకు తాను ఫోన్ చేసుకోలేడు. పిలుపు తెలిసింది ఇద్దరికే అయితే ఆ మొదటి ఫోన్ చేసింది మీరే అవుతారు. తర్వాత మమ్మల్ని నమ్మించడానికే కావాలని తప్పు మాట వాడారు అనాల్సి వస్తుంది. ఇందాకటి మీ రుజువంతా మీరే చింపేసుకుంటున్నారు. మరోసారి అడుగుతున్నా. ఇద్దరికేనా?"

"ఇద్దరికే అన్నాను కదా! చెవుడా మీకు?"

గడియారం ఐదుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆయన పక్కనున్న సొరుగు లాగి, ముందే టైపు చేసి ఉంచిన కేసు కాగితం తీశాడు.

"సార్," అన్నాడు మేనమామ. "ముగ్గురికి."

"నువ్వు నోరు ముయ్యి!" ఫ్యూజమ్మ లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. "ఇంకొక్క మాట మాట్లాడావంటే నువ్వు నాకు మేనమామవి కావు, నేను నీకు మేనకోడల్ని కాను!"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఆమె వైపు కాక, అధికారి వైపే అడుగు వేశాడు.

"కాకపోతే మానెయ్యి తల్లీ," అన్నాడు. "నోరు మూసుకుని ఒకసారి నిన్ను ముంచాను. చాలు."